బిల్లు లేని ఆయిల్ డబ్బా

మార్టూరు,
18 జూన్ 2001

అమ్మాయ్ జ్యోతీ,

దీవెనలు. బాగానే ఉన్నానని రాయడం ఆనవాయితీ కనుక రాస్తున్నాను. నమ్మితే నమ్ము.

మీరు కారు కొన్న సంగతి నీ ఉత్తరం కంటే పదకొండు రోజుల ముందే నాకు తెలుసు. చీమకుర్తి నుంచి రాళ్లు తెచ్చే లారీవాడు ఇక్కడి పాలిషింగ్ యూనిట్ దగ్గర టీ తాగుతూ చెప్పాడు. మీ అమ్మ వైపు పెద్దదిక్కని మిగిలింది నేనొక్కణ్ణే. ఆ పెద్దదిక్కుకి మేనకోడలి కబురు లారీవాడు మోసుకురావాలి. సరే, మన ఇంటి పద్ధతే అంత.

మీ ఆయన వీరబాబు ఉద్యోగం మానేసి, గ్రానైటు కొనడానికి వచ్చేవాళ్లను ఒంగోలు స్టేషన్ నుంచి క్వారీలకు తిప్పే కాంట్రాక్టు పట్టాడని రాశావు. అంటే మీ నలుగురి అన్నం ఆ డీజిల్ ఇంజన్ మీదే ఉంది. కాబట్టి నా మాట విను. ఏడాది వారంటీ ఉందని మురిసిపోకు. వారంటీ అనేది కంపెనీవాడు తన రక్షణ కోసం రాసుకున్న కాగితం. వాడు ఇచ్చిన పుస్తకంలో పదిహేను డబ్ల్యూ నలభై అని ఉంటుంది. డబ్ల్యూ అంటే వెయిట్, బరువు. పదిహేను బరువంటే నీళ్లు. చలిదేశంలో కూర్చుని రాసినవాడికి మన రోహిణి ఎండ ఏం తెలుసు? ఇరవై ఏళ్లు జిన్నింగు మిల్లులో ఇంజన్ నడిపినవాణ్ణి. నలభై నంబరు చిక్కటి సరుకు తప్ప వాడలేదు.

మా ఊళ్లో హైవే మీద యేసుపాదం బంకుంది. అక్కడ తప్ప ఇంకెక్కడా ఆయిల్ పోయించకు. మిగతా చోట్లంతా కల్తీ. యేసుపాదానికీ నాకూ మాటలు లేవు. అయినా వాడి సరుకు మంచిది. మనిషి వేరు, సరుకు వేరు.

ఎందుకు మాటల్లేవో నీకు ఎవరూ చెప్పి ఉండరు. డెబ్భై తొమ్మిదిలో మిల్లు ఇంజన్ పట్టేసింది. పేరయ్య ఆయిల్ చూసుకోకుండా నడిపాడని మిల్లు గుమాస్తా యజమానికి కాగితం రాసిచ్చాడు. ఆ గుమాస్తా మీ నాన్న. స్టోరులో ఆయిల్ కొలిచి నా చేతికిచ్చిన యేసుపాదం పక్కనే నిలబడి నోరు విప్పలేదు. నా దగ్గర నోటిమాట ఉంది, మీ నాన్న దగ్గర కాగితం ఉంది. ఏది నెగ్గిందో వేరే చెప్పాలా? అందుకే నువ్వు ఫోన్ నంబరు పంపినా నేను చెయ్యను. ఏం చెప్పినా ఉత్తరంలోనే చెబుతాను.

ఇట్లు,
నీ మేనమామ,
పేరయ్య

*

చీమకుర్తి,
5 ఆగస్టు 2001

మామయ్య గారికి,

నమస్కారాలు. జవాబు ఆలస్యమైనందుకు కోప్పడకండి. పిల్లల స్కూళ్లు తెరిచారు, ఈయన వేళాపాళా లేకుండా తిరుగుతున్నారు.

మీరు రాసిన నంబర్లూ బరువులూ నాకు ఒక్క ముక్క ఎక్కలేదు గానీ బంకు పేరు మాత్రం ఎక్కింది. ఈయనకి చెప్పాను. బయ్యర్లు పాలిషింగ్ యూనిట్లు చూడటానికి ఎలాగూ మార్టూరు వస్తారు కాబట్టి పది రోజులకోసారి యేసుపాదం గారి బంకులోనే ఆయిల్ పోయిస్తున్నాం. ఇప్పటికి నాలుగుసార్లు పోయించాం. ఒకసారి నేను కూడా వచ్చాను. ఫలానా పేరయ్య గారి మేనకోడల్నని చెబితే ఆయన నన్ను కాసేపు చూసి, మంచినీళ్లు ఇప్పించారు. మీ గురించి ఏమీ అడగలేదు.

ఆ రోజు మీ దగ్గరికి రావాలనే అనుకున్నాను. వెనక సీట్లో మద్రాసు బయ్యర్లున్నారు, రైలు టైమవుతోందని తొందరపెట్టారు.

దుమ్ము వల్ల దగ్గు వస్తోందని విన్నాను. కిటికీ మూసుకుని పడుకోండి.

మీ నాగజ్యోతి

*

మార్టూరు,
9 ఆగస్టు 2001

జ్యోతీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి ఇంజన్ కోసం, ఒకసారి నా కోసం.

ముందు నా సంగతి. బంకు నుంచి నా గదికి నాలుగు ఫర్లాంగులు. హైవే వైపు ఉన్న కిటికీ అదొక్కటే. దాన్ని మూసుకోమని సలహా ఇచ్చావు. నాలుగుసార్లు ఆ కిటికీ ముందునుంచే పోయారు. యేసుపాదం సరుకు మంచిదని రాసిన మాట నిజమే గానీ, మంచి సరుకు ఒంగోల్లోనూ దొరుకుతుంది. ఈ ఊరి బంకు పేరే ఎందుకు రాశానో నీకు తట్టలేదు. వదిలెయ్.

ఇక ఇంజన్ సంగతి. పది రోజులకోసారి ఆయిల్ పోయిస్తున్నామని ఎంత తేలిగ్గా రాశావు! కొత్త బండికి ఐదు వేల కిలోమీటర్ల దాకా చుక్క పోయాల్సిన పని ఉండకూడదు. యాభై రోజుల్లో నాలుగుసార్లా? మీ ఇంజన్ ఆయిల్ తాగేస్తోంది. రింగులు అరిగినవి వేసి అంటగట్టారు. వీరబాబుకి ఇది తెలియకపోవడం వింత. లారీల ఇంట్లో పుట్టినవాడు కదా. లేక తెలిసీ ఊరుకున్నాడా?

షోరూంకి వెళ్లి, మా బండి ఆయిల్ తాగుతోంది, ఇంజన్ విప్పి చూడండి అని అడగండి. వారంటీ ఉన్నది అందుకే. రాతపూర్వకంగా అడగండి.

పేరయ్య

*

చీమకుర్తి,
20 ఆగస్టు 2001

మామయ్య గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చూసి బాధపడ్డాను. ఈసారి తప్పకుండా వస్తాను.

మీరు చెప్పింది నిజమే. ఈయన కూడా బండి అనుకున్నదానికంటే ఎక్కువే తాగుతోందని విసుక్కుంటున్నారు. ఏసీ వేస్తే ఇంకా తాగుతుందట. బయ్యర్లేమో ఏసీ లేకుండా కూర్చోరు. షోరూంలో అడిగితే, కొత్తలో అలాగే తాగుతుంది, పోను పోను తగ్గుతుంది అన్నారట. రాతపూర్వకంగా అడగమంటే ఈయన నవ్వి, ఇలాంటివి రాసిస్తే మనల్ని పిచ్చివాళ్లనుకుంటారు అన్నారు.

పెద్దాడికి జ్వరం వచ్చి తగ్గింది. మీ ఒళ్లు ఎలా ఉంది?

మీ నాగజ్యోతి

*

మార్టూరు,
24 ఆగస్టు 2001

జ్యోతీ,

కొత్తలో ఇంజన్ ఆయిల్ తాగుతుందని ఒక షోరూంవాడు చెప్పడం, దాన్ని లారీల ఇంటివాడు నమ్మడం! ఏసీకీ దీనికీ ముడిపెట్టారంటే మిమ్మల్ని ఎంత అమాయకుల కింద లెక్కగట్టారో చూడు. నేను చదివిన పుస్తకాలు మూడు బీరువాలకు వస్తాయి. ఎందులోనూ ఈ వింత లేదు.

ఇక మీతో కాదు. మరియదాసుని పంపుతున్నాను. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లలో నన్ను ఇంకా గురువు గారూ అని పిలిచేది వాడొక్కడే. ఇంజన్లో ఉన్న నీళ్లన్నీ కిందకి వదిలేసి నలభై నంబరు పోస్తాడు. చిక్కటి ఆయిల్ పడితే తాగడం ఆగుతుంది. డబ్బా యేసుపాదం దగ్గరే కొనమన్నాను. బిల్లు అడగొద్దని కూడా చెప్పాను. తెలిసినవాడి కొట్లో బిల్లు అడగడమంటే నీ మీద నాకు నమ్మకం లేదని మొహాన చెప్పడమే. మాటలు లేకపోయినా మర్యాద ఉండాలి.

వారంటీ పోతుందేమోనని వీరబాబు గొణిగితే, ఇంజనే పోయాక వారంటీని ఏం చేసుకుంటావని అడుగు.

పేరయ్య

*

చీమకుర్తి,
6 సెప్టెంబరు 2001

మామయ్య గారికి,

నమస్కారాలు. ఇది ఎలా రాయాలో తెలియక రెండు రోజులు ఆగాను.

సోమవారం మరియదాసు వచ్చాడు. ఈయన బస్సులో క్వారీ ఆఫీసుకి వెళ్లారు, బండి ఇంటి దగ్గరే ఉంది. మీరు పంపిన మనిషి కదా అని తాళాలిచ్చి నేను కాఫీ పెడుతున్నాను. బయటికి వచ్చేసరికి బేసిన్లోకి నల్లటి నూనె దించేసి, కొత్త డబ్బా పోసేశాడు. చేతులు తుడుచుకుంటూ, ఎంతెంత పోస్తున్నారమ్మా అని అడిగాడు. ముప్పై లీటర్లు అన్నాను. కాఫీ గ్లాసు అలాగే పట్టుకుని నా మొహం చూశాడు. ఇంజన్లో పట్టేదే ఐదు లీటర్లు కదమ్మా అన్నాడు. ఇంజన్లో కాదు, ట్యాంకులో అన్నాను.

మామయ్యా, ఈయనకీ మా మామగారికీ ఆయిల్ అంటే డీజిల్. లారీలవాళ్లందరూ అంతే. ఆయిల్ కొట్టించాలి, ఆయిల్ అయిపోయింది అంటే డీజిలే. ఇంజన్లో పోసేదాన్ని ఇంజనాయిల్ అని విడిగా అంటారు. పెళ్లయి వచ్చినప్పటినుంచి నాకూ అదే నోటికొచ్చింది. మీరు ఆయిల్ పోయించమంటే కల్తీ లేని డీజిల్ అనుకున్నాను. తాగుతోందా అంటే అవునన్నాను.

మరియదాసు అరుగు మీద కూర్చుని చాలాసేపు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. తర్వాత వాడే నవ్వాపి, గురువు గారికి మీరే రాయండమ్మా, నేను చెప్పలేను అన్నాడు. ఈయనకి ఇంకా చెప్పలేదు.

మీ నాగజ్యోతి

*

మార్టూరు,
10 సెప్టెంబరు 2001

జ్యోతీ,

అందింది.

ఆయిల్ ఇంజన్ అన్న మాటలో ఆయిల్ అంటే డీజిలేనని నాకు తెలియకపోలేదు. కానీ తెలుగు చదువుకున్నదానివి, నంబర్లు రాసిన ఉత్తరంలో ఆ భాగం దాటేసి బంకు పేరొక్కటి ఏరుకుంటావని అనుకోలేదు. మీ నాన్న కూడా అంతే. చదవాల్సింది చదవకుండా సంతకం పెట్టేవాడు.

పోసింది మంచి ఆయిలే. అపార్థం వల్ల జరిగినా మంచే జరిగింది. అరుగు మీద మీరిద్దరూ నవ్వుకున్నందుకు సంతోషం.

పేరయ్య

*

చీమకుర్తి,
12 అక్టోబరు 2001

మామయ్య గారికి,

మీకు సంతోషం కలిగించే ఉత్తరం కాదిది.

ఇరవై రోజుల క్రితం బండిలో టకటకమని శబ్దం మొదలైంది. షోరూంకి తీసుకెళ్లారు. విప్పి చూసి ఇంజన్లో ఒక భాగం తయారీలోనే లోపమన్నారు, వారంటీలో మారుస్తామన్నారు. తర్వాత సర్వీసు పుస్తకం చూశారు. ఐదు వేల సర్వీసు ఇంకా అవలేదు, లోపలున్న ఆయిల్ మాత్రం కొత్తది. ఎవరు మార్చారని ఈయన్ని అడిగారు. ఈయనకి తెలియదు. ఇంటికి వచ్చి నన్ను అడిగారు. చెప్పాను.

ఆ రోజు ఈయన అన్న మాటలు మీకు రాయను.

షోరూంవాళ్లది ఒకటే మాట. బయట ఆయిల్ పోయకూడదని కాదు, పుస్తకంలో ఉన్న రకమే పోశారని రుజువు కావాలి. ఎప్పుడు కొన్నారు, ఏ రకం కొన్నారు, బిల్లు చూపించాలి. లేకపోతే ఇంజన్ ఖర్చు మాదే. అంత మా వల్ల కాదు. నవంబరు ఒకటికి బండి రోడ్డెక్కకపోతే కాంట్రాక్టు ఇచ్చిన క్వారీవాళ్లు వేరే బండి మాట్లాడుకుంటారు. ఈయన వదిలేసిన ఉద్యోగంలో ఇప్పటికే వేరే మనిషున్నాడు.

మీరు బిల్లు అడగొద్దన్నారు. నలభై నంబరు పోయించమన్నారు. పుస్తకంలో ఉన్నది అది కాదు. ఇప్పుడు నేను ఏ బిల్లు చూపించను?

ఇంకొక మాట. నాన్న పోయి ఆరేళ్లయింది. మీ ఉత్తరాల్లో ఇంకా ఆయన్ని నిలబెట్టి నిలదీస్తున్నారు. ఆయన జవాబు చెప్పలేరు. నేనూ చెప్పలేను. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు.

కారు పుస్తకంలో ఆయిల్ గురించి ఉన్న పేజీలు జిరాక్సు తీయించి పెడుతున్నాను. మీకేమైనా అర్థమైతే రాయండి.

నాగజ్యోతి

*

మార్టూరు,
19 అక్టోబరు 2001

అమ్మా జ్యోతీ,

నీ ఉత్తరం పదిహేనున వచ్చింది. ఈ నాలుగు రోజుల్లో ఏం జరిగిందో వరసగా రాస్తాను. ఓపిగ్గా చదువు. ఇందులో బిల్లు పెట్టాను. ముందు దాన్ని తీసి జాగ్రత్త చెయ్యి.

జిరాక్సు పేజీలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. డబ్ల్యూ అంటే వెయిట్ కాదు. వింటరు. చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే అంకె ముందుది. వేడెక్కాక ఎంత చిక్కగా నిలబడుతుందో చెప్పేది వెనకది. అంటే పదిహేను డబ్ల్యూ నలభై అన్నదాంట్లో నా నలభై ఉండనే ఉంది. పొద్దున్నే ఇంజన్ తిప్పగానే మూలమూలకీ పారే గుణం అదనంగా ఉంది. ఇరవై ఏళ్లు ఇంజన్ నడిపాను, ఆ తర్వాత ఇరవై రెండేళ్లు ఇంజన్ల గురించి నలుగురికీ ఉపన్యాసాలిచ్చాను. ఆ ఒక్క అక్షరం అర్థం వెతకలేదు. డబ్బా మీద ఇంకో రెండక్షరాలు, ఒక అంకె ఉంటాయట. ఆయిల్ ఏ తరగతిదో అవి చెబుతాయట. చిక్కదనం కంటే అవి ముఖ్యమట. నా కాలపు నలభై నంబరుది ఆ తరగతి కాదు. అది పోసి ఉంటే షోరూంవాడి మాటే న్యాయం.

మరియదాసుకి కబురు పెట్టాను. వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. నలభై నంబరే పోశావా అని అడిగాను. తల వంచుకుని, లేదు గురువు గారూ, ఇప్పటి బళ్లకి అది పనికిరాదు, బండిలో పుస్తకం తీసి చూసి ముందే తెచ్చిన డబ్బా పోశాను అన్నాడు. ముందే ఎందుకు తెచ్చావన్నాను. ఐదారేళ్లుగా మీరు చెప్పిన పనులన్నీ ఇలాగే చేస్తున్నాను అన్నాడు. చిన్నబుచ్చే ఉద్దేశం వాడికి లేదు. నా మాట వినకపోవడం వల్లే నీ బండికి ఆశ మిగిలింది.

ఇక బిల్లు. కాగితాన్నే నమ్ముతానని గొప్పలు పోయి, కాగితం వద్దని చెప్పినవాణ్ణి నేను. మరియదాసు వెళ్లి అడిగితే సరిపోయేది. కానీ వద్దన్నది నేను కాబట్టి నేనే వెళ్లాను.

యేసుపాదం బంకులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బాగా లావయ్యాడు, ఒక కన్ను సరిగ్గా ఆనదట. వాడికి చెప్పాల్సిన మాటలు ఇరవై రెండేళ్లుగా దిద్దుకుంటూ వస్తున్నాను. కొన్ని చాలా బాగా కుదిరాయి కూడా. ఎదురుగా నిలబడేసరికి, ఆగస్టులో మరియదాసు కొన్న డబ్బాకి బిల్లు కావాలి అన్నాను. వాడు పుస్తకం తీసి కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు. షోరూంకి చూపించడానికని విని, పెన్ను పట్టుకుని అడిగాడు.

“తేదీ ఏం వెయ్యమంటావురా?”

“కొన్న తేదీ.”

“నీకు పనికొచ్చే తేదీ ఏదైనా ఉంటే చెప్పు, వేస్తాను.”

“కొన్న తేదీ వెయ్యి. ఏ రకం ఇచ్చావో అదే రాయి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.”

స్టాకు పుస్తకం తెప్పించి వెతికాడు. ఆగస్టు ముప్పై ఒకటిన ఐదు లీటర్ల డబ్బా ఒకటి, రకం పేరుతో సహా రాసి ఉంది. ఆ పేజీకి జిరాక్సు తీయించి, బిల్లుకి పిన్ను పెట్టి, బంకు ముద్ర వేశాడు. కంపెనీవాడికి అనుమానముంటే తన పుస్తకం వచ్చి చూసుకోమన్నాడు. కుర్చీ చూపించాడు. కూర్చున్నాను. టీ వచ్చింది. మిల్లు మాట వాడు ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. లేచి వచ్చేటప్పుడు, మీ బావ పోయాడటగా అన్నాడు. ఆరేళ్లయింది అన్నాను. అంతే.

మీ నాన్న గురించి ఇక రాయను. కసి తీరిందని కాదు. నీకు తొమ్మిదేళ్లన్న సంగతి నాకు తట్టలేదు.

ఇది తీసుకుని వీరబాబుని షోరూంకి పంపు. జిరాక్సు మూడో పేజీలో, అదే తరగతి ఆయిల్ ఏ కంపెనీది వాడినా ఫర్వాలేదని ఉంది. కింద గీత గీశాను. వాళ్లతో వాదించొద్దను. ఆ గీత చూపిస్తే చాలు.

మేనమామ,
పేరయ్య

*

చీమకుర్తి,
3 నవంబరు 2001

మామయ్య గారికి,

నమస్కారాలు. మీ బిల్లూ ఆ పేజీ చూపించారు. రెండు రోజులు పై వాళ్లని అడిగి ఒప్పుకున్నారు. ముప్పైన బండి ఇచ్చారు. కాంట్రాక్టు నిలబడింది. ఇది మీరు చేసిన మేలు, మర్చిపోను.

మార్టూరు యూనిట్లకి ఇకనుంచి వేరే బండి వెళుతుందట. మాకు ఒంగోలు నుంచి క్వారీల వరకే. కాబట్టి అటువైపు రావడం తక్కువే అవుతుంది.

ఈయన ఒక మాట రాయమన్నారు. మెత్తగా రాద్దామంటే చేతకావడం లేదు. మీరు ఇక బండి గురించి ఏమీ రాయొద్దన్నారు. మరియదాసుని కూడా పంపొద్దన్నారు. కోపంతో కాదు, భయంతో. నాకూ అదే మంచిదనిపిస్తోంది.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ నాగజ్యోతి

*

మార్టూరు,
14 నవంబరు 2001

జ్యోతీ,

దీవెనలు. బండి గురించి రాయవద్దన్నారు. రాయను.

ఈ ఉత్తరం నాలుగు రోజుల క్రితం మొదలుపెట్టాను. పై వాక్యం రాసి ఆపేశాను. మళ్లీ కూర్చున్నాను, ఇక్కడ పత్తి తీతలు మొదలయ్యాయని రాశాను. అది నీకెందుకు? కొట్టేశాను. నిన్నటి రోజు ఏమీ తట్టలేదు.

నీ పాత ఉత్తరాలన్నీ తీసి చదివాను. ఒకదాంట్లో నా దగ్గు గురించి, ఒకదాంట్లో ఒళ్లు గురించి అడిగావు. దేనికీ నేను జవాబివ్వలేదు. దగ్గు పొద్దున పూట ఉంటుంది, మధ్యాహ్నానికి తగ్గుతుంది. రాత్రి నిద్ర పడుతుంది.

పెద్దాడికి జ్వరం తగ్గిందని ఆగస్టులో రాశావు. వాడు ఏ క్లాసో నాకు తెలియదు. చిన్నదాని పేరు సాయిలక్ష్మి అనుకుంటాను. తప్పయితే దిద్దు. వాళ్లు నన్ను ఎప్పుడైనా చూశారా? చూస్తే ఎంత వయసులో?

ఇంకేం అడగాలో నాకు తెలియదు. అడగాల్సినవి ఉంటే నువ్వే రాసి, వాటికి జవాబులు కూడా నువ్వే రాయి.

పేరయ్య